నల్లబడని ఉంగరం

"మా చెల్లెల్ని మార్చురీ మంచుగదిలో పెట్టారు. మా ఆయన్ని లాకప్‌లో పెట్టారు. ఇంకెవరూ మిగల్లేదు మేడమ్. ఈ కుట్టుమిషనొకటుంది. కావాలంటే దీన్నీ పట్టుకుపోండి."

అక్క నోరు ఆగింది గాని కాలు ఆగలేదు. మిషను సూది తెల్లగుడ్డ మీద టకటకా నడుస్తూనే ఉంది. ఏదో ఆస్పత్రి నర్సుల కోట్లు పక్కన గుట్టగా పడున్నాయి. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ఇన్‌స్పెక్టరు ఆ చప్పుడు ఆగేదాకా నోరు విప్పదలచుకోలేదు.

ఆ ఇన్‌స్పెక్టరు అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. డిపార్టుమెంటంతా ఆమెని గుండుసూది అంటుంది. సన్నగా ఉంటుందని కొందరు, ఎక్కడ గుచ్చాలో అక్కడే గుచ్చుతుందని కొందరు. మొహం మీద అనగలిగే ధైర్యం ఒక్కడికే ఉండేది. వాడు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయి చాలాకాలమైంది.

"మీ ఆయన్ని లోపలేసింది నేను కాదమ్మా," అంది చివరికి. "నిన్న సాయంత్రం ఈ కేసు నాకిచ్చారు. ఇచ్చేటప్పటికే అన్నీ రాసేసి సీలేసి ఉన్నాయి. రేపు ఆయన్ని కోర్టుకి తీసుకెళ్తారు. ఈలోగా నువ్వు నాకేదైనా చెప్పకపోతే, అందులో రాసిందే నిజమైపోతుంది."

మిషను ఆగింది.

అందులో రాసింది ఇదీ. చెల్లెలు మడ అడవుల్లో బురద మీద పరిశోధన చేసేది. గురువారం మధ్యాహ్నం ఆమెని బావ, అంటే ఈ అక్క మొగుడు, తన మోటారు పడవలో తీసుకెళ్ళి తూము దగ్గర దించాడు. సాయంత్రం పోటు ఎక్కకముందే వచ్చి ఎక్కించుకుంటానన్నాడు. దారిలో పంకాకి తెగిన వల చుట్టుకుని పడవ ఆగిపోయింది. వల కోసుకుని, ఇంజను బాగుచేసుకుని అక్కడికి చేరేసరికి తెల్లారింది. తూముకి బయట, పాటుకి నీళ్ళు తీసిన బురదలో ఆమె బోర్లా పడుంది. కుడిచెయ్యి మోచేతిదాకా బురదలో దిగబడి ఉంది. చూసిన వెంటనే బావే ఆమెని లాగి కట్ట మీదికి చేర్చాడు. కట్ట మీద ఆమె బూట్లున్నాయి. బూట్లు విప్పి వట్టికాళ్ళతో దిగింది, కూరుకుపోయింది, పోటు ముంచేసింది, తప్పంతా ఆలస్యంగా వచ్చిన పడవవాడిది అని తేల్చారు. ఏం జరిగిందని అతన్ని అడిగితే, "నేనే చంపుకున్నాను" అని ఏడ్చాడట. స్టేషన్‌లో ఆ ముక్క పట్టుకుని 'నేనే చంపాను' అని రాసుకున్నారు.

గుండుసూదికి రాత్రి నుంచీ ఒళ్ళు మండుతున్నది ఆ ఒక్క వాక్యానికే.

"మీ చెల్లెలు ఆఖరిసారి ఇక్కడికొచ్చింది ఎప్పుడు?"

"ప్రతి ఆదివారం వచ్చేది. మొన్న ఆదివారం కూడా వచ్చింది. గొడవపడి వెళ్ళిపోయింది." అక్క తెగిన దారపు ముక్కని వేలికి చుట్టుకుంటోంది. "దాని గురువుతో అది పేచీ పెట్టుకుంది మేడమ్. ప్రొఫెసరు గారితో. ఆయన లేకపోతే దాని చదువెక్కడ, ఉద్యోగమెక్కడ? 'అన్నం పెట్టిన చెయ్యి కరవకే' అన్నాను. అంతే, సంచీ తీసుకుని లేచింది. గుమ్మంలో నిలబడి 'పోతున్నా' అంది. ఎప్పుడూ 'వెళ్ళొస్తా అక్కా' అనేది. ఆ పూట 'పోతున్నా' అంది. నేను వెనక్కి పిలిచి మాట మార్పించలేదు. పంతం! నా నోట్లో పంతం కూర్చుంది!"

గుండుసూది తల దించుకుంది. మనిషి గడప దాటాక ఇంట్లో ఉండిపోయేది ఆ చివరి మాటొక్కటే. మంచిదైతే నీడలా ఉంటుంది, కాకపోతే ముల్లులా ఉంటుంది. ఆ సంగతి ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"దేని గురించి పేచీ?"

"నాకర్థమైనంత వరకు చెప్తాను. చెట్టు ఆకులు గాల్లోంచి బొగ్గు మింగుతాయట. ఆకు రాలి బురదలో పడుతుంది. రోజూ పోటుకి ఉప్పునీళ్ళొచ్చి ఆ బురదకి మూతేస్తే, లోపల బొగ్గు కుళ్ళకుండా వందల ఏళ్ళు ఉంటుందట. ఉప్పేసి జాడీలో పెట్టినట్టే అక్కా, అనేది. ఎంత దాగిందో ఈ ప్రొఫెసరు గారు తేలుస్తారు. కంపెనీవాళ్ళు దాన్ని పొగ గొట్టాల ఫ్యాక్టరీలకి అమ్ముతారు. మీరు పొగ వదులుకోండి, మేం పూడ్చిపెడతాం అని."

"పాపం ఒకడిది, స్నానం ఇంకొకడిది."

"నేనూ అదే అన్నాను! నవ్వింది." అక్క మొహంలో ఏదో వెలిగి ఆరిపోయింది. "కానీ తూముకి లోపలి వైపు కంపు రావట్లేదు అంది. కంపు లేకపోతే మంచిదే కదే అంటే, 'కాదక్కా, ఉప్పు బురద కుళ్ళిన గుడ్డులా కంపు కొట్టాలి. కొట్టట్లేదంటే లోపలికి ఉప్పు రావట్లేదు. చప్పనీళ్ళు నిలవున్నాయి. చప్పనీళ్ళ బురద బొగ్గు దాచదు, మీథేన్ కక్కుతుంది. మామూలు పొగకంటే అది ఎన్నో రెట్లు వేడి. జాడీ అని చెప్పి పొయ్యి అమ్ముతున్నారు' అంది. ప్రొఫెసరు గారికి చెప్పిందట. ఆయన పొరపాటు పడ్డావన్నారట. మళ్ళీ కొలుస్తానని మొండికేసింది. గాలి పట్టే పెట్టె తీసుకుని గురువారం వెళ్ళింది అందుకే."

గుండుసూది సంచీలోంచి చిన్న కవరు తీసింది. "ఇది ఆమెదే కదూ? డాక్టరు కుడిచేతి వేలినుంచి తీశాడు. గుర్తుపట్టి సంతకం పెట్టాలి."

వెండి ఉంగరం. అక్క కవరు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు చూసింది. ఇటు తిరిగినప్పుడు ఏడుస్తుందనుకుంది ఇన్‌స్పెక్టరు. అక్క ఏడవలేదు. కోపంగా అడిగింది.

"దీన్నెవరు తోమారు?"

"ఎవరూ ముట్టుకోలేదు. ఎలా ఉన్నది అలాగే కవర్లో పెట్టారు."

"అయ్యుండదు! మా అమ్మ వెండి గిన్నె కరిగించి మా ఇద్దరికీ చెరొకటి చేయించింది. ఇదిగో నాది." వేలు చూపించింది. "దానిది ప్రతి ఆదివారం బొగ్గులా నల్లబడి వచ్చేది. ఆ ఉప్పు బురదలో చెయ్యి పెడితే వెండి నల్లబడుతుంది మేడమ్. నేనే పళ్ళపొడేసి తోమేదాన్ని. మొన్న కూడా తోమాను, గొడవకి ముందే. ఆ తర్వాత రాత్రంతా ఆ బురదలో పడుంటే, ఇది ఇంత తెల్లగా ఎలా ఉంటుంది?"

గుండుసూది లేచి నిలబడి, స్టేషన్‌వాళ్ళు తీసిన ఫొటో బల్ల మీద పెట్టింది. కట్ట మీద రెండు గూటాలు, వాటికి తలకిందులుగా తగిలించిన రబ్బరు బూట్లు. పక్కపక్కనే, మడమలు రెండూ ఒకే వైపు తిప్పి ఉన్నాయి.

"ఈ బూట్లు?"

"దానివే. విప్పాక అలాగే పెడుతుంది. లోపలికి పీతలు దూరకుండా, నీళ్ళు కారిపోయేలా. వాళ్ళ గురువు నేర్పిన పద్ధతట, బురద పనివాళ్ళంతా అలాగే పెడతారట. కానీ బురద దగ్గర అది బూట్లు విప్పడమేంటి? ఆలిచిప్ప కోసి మడమకి ఏడు కుట్లు పడ్డాయి దానికి. ఆనాటి నుంచి మంచం ఎక్కేటప్పుడు తప్ప విప్పదు."

"మీ ఆయన బూట్లు వేస్తాడా?"

"ఆయనా? జన్మలో వెయ్యలేదు. పెళ్ళికి చెప్పులు తొడిగించడానికే నలుగురు పట్టుకోవాల్సొచ్చింది."

ఇంత దుఃఖంలోనూ ఆ మాటకి ఇద్దరి పెదాలూ కదిలాయి. మరుక్షణం అక్క తన వేలి ఉంగరం లాగి తీసి, బల్ల మీద దారపు ఉండతో కలిపి ముందుకి తోసింది.

"మీరు పరీక్ష చేస్తారు. నాకు తెలుసు. దీన్ని తీసుకెళ్ళండి. రెండూ ఒకే గిన్నెవి. కానీ తిరిగి తెచ్చివ్వాలి."

"తెచ్చిస్తాను." గుండుసూది గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. సాధారణంగా ఆమె ఎవరింట్లోనూ ఏమీ చెప్పకుండానే జీపెక్కేస్తుంది. ఈసారి వెనక్కి తిరిగి, ఒక్కో అక్షరం ఒత్తి పలికింది. "వెళ్ళొస్తానమ్మా."

*

తూము దగ్గరికి చేరేసరికి రెండు దాటింది. సాయంత్రం నాలుగింటికి అక్కడ కంపెనీ వేడుక. అతిథుల ముందు తూము తలుపు ఎత్తి పోటు నీళ్ళు లోపలికి వదులుతారట. కట్ట మీద అప్పటికే కుర్చీలు వేస్తున్నారు.

"పునరుద్ధరణట మేడమ్," అన్నాడు హెడ్డు. అతను ఆమె హెడ్ కానిస్టేబులు, పొట్ట పెరిగి బెల్టు చాలక కొత్త చిల్లు పొడుచుకున్న మనిషి. "వాళ్ళ కాగితాల్లో ఈ తూము ఏడాది పొడుగునా తెరిచే ఉంది. తెరిచున్నదాన్ని మళ్ళీ తెరవడమేంటో!"

"నాలుగింటికి ఉప్పునీళ్ళు లోపలికొస్తే, లోపల ఏముండేదో ఎవడికీ తెలీదు. అదీ పునరుద్ధరణ."

ఆమె తూము గోడ మీద వంగి చూసింది. బయటి గోడకి ఆలిచిప్పలు బతికి, నోళ్ళు బిగించి ఉన్నాయి. లోపలి గోడకీ ఉన్నాయి గాని అన్నీ నోళ్ళు తెరిచి, ఖాళీగా, తెల్లగా ఎండిపోయాయి. లోపల నీళ్ళ మీద గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుంది. ఉప్పునీళ్ళలో గుర్రపుడెక్క బతకదు. ఒడ్డున చేపల మేత బస్తాలు కూడా కనిపించాయి. బొగ్గు పేరు చెప్పి ఒకసారి, చేపల పేరు చెప్పి ఒకసారి, ఒకే నేలని రెండుసార్లు అమ్ముకుంటున్నారన్నమాట. ఇనుప తలుపు ఎత్తే మోటారు పెట్టెకి తాళం వేసుంది. గాడిలో తుప్పు పెచ్చులు కట్టింది. తలుపు కదిలి చాలాకాలమైంది.

అక్కడక్కడ నీళ్ళలోంచి బుడగలు లేస్తున్నాయి.

"నీళ్ళకి ఆవులింతలొస్తున్నాయి మేడమ్," అన్నాడు హెడ్డు జేబులోంచి అగ్గిపెట్టె తీస్తూ.

"లోపల పెట్టు దాన్ని! ఆ ఆవులింతకి నీ మీసం కాలుద్ది."

అక్క ఇచ్చిన ఉంగరానికి ఆమె దారం కట్టి, లోపలి వైపు బురదలో కర్రతో లోతుగా గుచ్చింది. అరగంట ఆగి లాగింది. తుడిచి ఎండలో పట్టుకుంటే ఎలా ఉన్నది అలాగే ఉంది. అదే ఉంగరం, అదే దారం, ఇప్పుడు తూముకి బయట, శవం దొరికిన చోట బురదలో గుచ్చింది. కర్ర దిగగానే కుళ్ళిన గుడ్డు కంపు గుప్పుమంది. జేబురుమాలు ముక్కుకి అడ్డుపెట్టుకుని ఆమె లేచేటప్పటికి, వెనకనుంచి ఒక గొంతు పలకరించింది.

"ఏం సూదీ, చేపలు పడుతున్నావా?"

ఆమె వెనక్కి తిరక్కుండానే మనిషిని గుర్తుపట్టింది. మొహం మీద ఆ పేరుతో పిలిచే ఒకే ఒక్క మనిషి. డిపార్టుమెంటులో అతన్ని ఇస్త్రీ అనేవాళ్ళు. హత్య జరిగిన ఇంట్లో కూడా మడత నలగకుండా తిరిగేవాడు. పదకొండేళ్ళు ఇద్దరూ ఒకే జీపులో తిరిగారు. ఒకరోజు కేసు మధ్యలో "టీ తాగి ఇప్పుడే వస్తా" అని లేచి వెళ్ళాడు. మర్నాడు అతని రాజీనామా వచ్చింది, అతను రాలేదు. ఇప్పుడు ఈ కంపెనీకి భద్రతాధికారి.

"టీ అయిందా?" అంది గుండుసూది.

అతనికి తగిలింది. అయినా నవ్వాడు. "పాత లెక్కలు తర్వాత. పడవవాడు ఒప్పుకున్నాడు. ఫైలు మూసేశారు. నాలుగింటికి ఇక్కడ పెద్దమనుషులొస్తున్నారు. నువ్వు దయచేస్తే బావుంటుంది."

"ఒప్పుకున్నాడా? మరదలి శవం పక్కన కూలబడి ఏడ్చినవాడి ఏడుపుని వాక్యంగా రాసుకుని, దానికి ఒప్పుకోలు అని పేరు పెట్టారు! నువ్వున్న రోజుల్లో అలాంటి కాగితం తెచ్చినవాడి మొహాన కొట్టేవాడివి."

"అరవకు."

"అరుస్తాను! ఒక ఆడపిల్ల చచ్చిపోయింది. అది చచ్చిన చోటుని కడిగెయ్యడానికి మీరు కుర్చీలేసి, రిబ్బను కడుతున్నారు. అరవక భజన చెయ్యమంటావా?"

"కడగడం ఏంటి? చచ్చింది బయట. తెరిచేది లోపలికి."

"చచ్చింది లోపల!"

ఇస్త్రీ చొక్కా చేతిగుండీ సర్దుకున్నాడు. అతను ఆలోచిస్తున్నాడంటే అదే గుర్తు, పదకొండేళ్ళు చూసింది. "సాక్ష్యం?"

"ఆమె వేలి ఉంగరం తెల్లగా ఉంది."

"తోముకుని ఉంటుంది."

"తోముకున్నది ఆదివారం. రాత్రంతా ఈ బురదలో చెయ్యి దిగబడి ఉందని కదా మీ కథ? ఉండు." ఆమె దారం లాగింది. బురద ముద్దతో పాటు ఉంగరం పైకొచ్చింది. తుడిచి అతని అరచేతిలో పెట్టింది. "మనం పోట్లాడుకున్నంతసేపే ఉంది అది లోపల. చూడు."

ఉంగరం పొయ్యిలోంచి తీసినట్టు నల్లగా ఉంది.

"ఇదే ఉంగరం అంతకుముందు అరగంట లోపలి బురదలో ఉంది. తెల్లగా వచ్చింది. హెడ్డు సాక్షి. అర్థమైందా? ఆ పిల్ల రాత్రంతా చప్పనీళ్ళలో ఉంది. బయట పడేసింది తెల్లారుజామున, పడవ రావడానికి కాస్త ముందు. ఉంగరం నల్లబడే టైము కూడా లేదు. కట్ట మీద బండి వెళ్ళిన చప్పుడు విన్నానని బావ చెప్పాడట. ఒక్కడూ రాసుకోలేదు! పడేసినవాడు పడవ ఇంజను మోత విని పారిపోయాడు. బూట్లు మర్చిపోయాడు."

ఇస్త్రీ ఉంగరం వంక చూస్తూనే ఉన్నాడు. అతని మొహంలో మొదటిసారి ఒక మడత పడింది.

"ఈ తూము తెరిచే ఉంటుందని నాకు చెప్పారు," అన్నాడు మెల్లగా. "నేనిక్కడికి రావడం ఇవాళే. నాది గేటు దాకానే."

"నీళ్ళు నమలకు. మోటారు పెట్టె తాళం ఎవరి దగ్గరుంటుంది?"

అతను జవాబు చెప్పేలోగా లోపలి వైపునుంచి హెడ్డు కేకేశాడు. "మేడమ్! గుర్రపుడెక్క కింద ఏదో మెరుస్తోంది! అద్దాల పెట్టెలా ఉంది!"

పోటుకి కొట్టుకుపోయిందని రిపోర్టులో రాసిన గాలిపెట్టె. ఆమె వద్దనేలోపే హెడ్డు ప్యాంటు మడిచి దిగాడు. నాలుగడుగులకి మోకాళ్ళదాకా, ఇంకో రెండడుగులకి తొడలదాకా దిగబడ్డాడు. పెట్టె మాత్రం పట్టుకుని తలమీద పెట్టుకున్నాడు. పెట్టె మూలన చెల్లెలి పేరు పొడి అక్షరాలున్న టేపు ఇంకా అంటుకునే ఉంది.

"దొరికింది మేడమ్! కానీ నేనే దొరికిపోయాను! కాళ్ళు రావట్లేదు!"

"కదలకు! కదిలేకొద్దీ దిగిపోతావు. వెనక్కి వాలి పడుకో. తాడు తెస్తున్నా."

హెడ్డు వెనక్కి వాలి దిగబడకుండా నిలదొక్కుకున్నాడు. కుర్చీలు కట్టుకొచ్చిన తాడు తెచ్చి ఆమె ముడులు విప్పుతుంటే కట్ట మీదికి ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి నెరిసిన గడ్డంతో, భుజాన గుడ్డసంచీతో ఒక పెద్దమనిషి దిగాడు. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. బయటి బురద చూసుకుని వస్తున్నట్టున్నాడు, బూట్లు తడిగా ఉన్నాయి.

"ప్రొఫెసరు గారు," అన్నాడు ఇస్త్రీ.

"మీరేనా అమ్మా ఇన్‌స్పెక్టరు గారు?" ఆయన గొంతు మెత్తగా, అలసిపోయినట్టుగా ఉంది. "నా కూతురు పోయినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. చేతులు పట్టుకుని బురదలో నడక నేర్పాను. ఎన్నిసార్లు చెప్పానో, ఒంటరిగా వెళ్ళకు తల్లీ అని. వినేది కాదు."

"తూము లోపల మీథేన్ వస్తోందని మీకు చెప్పిందట."

"పిల్లలు కొలతల్లో పొరపడతారమ్మా. పెట్టె పక్కన కాలేస్తే చాలు, బురద నలిగి లేని గాలి కూడా పైకొస్తుంది. ఎన్నో చూశాను." ఆయన కట్ట అంచున కూర్చున్నాడు. మాట్లాడుతూనే ఎడమ బూటు లాగాడు, తర్వాత కుడిది. సంచీలోంచి చెప్పులు తీసి తొడుక్కున్నాడు. "రేపు ఆమె పేరున ఇక్కడ ఒక మొక్క నాటదామనుకుంటున్నాం..."

ఆయన చేతులు ఆయన్ని అడక్కుండానే పని చేసుకుపోతున్నాయి. ఎడమ బూటు తలకిందులుగా ఒక గూటానికి. కుడిది పక్క గూటానికి. మడమలు రెండూ ఒకే వైపు తిరిగేలా, ఒకసారి సర్ది.

తాడు ముడులు విప్పుతున్న గుండుసూది తల ఎత్తి ఆ బూట్ల వంక చూసింది.

నీళ్ళు నిండి బరువెక్కిన బూట్లతో శవాన్ని మొయ్యలేక వాటిని ఈయనే లాగేశాడు. లాగిన చేతులు వాటిని పారెయ్యలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు, బూటు విప్పితే చోటు గూటం మీదే. మనిషిని బురదలో పడేసిన చేతులే, బూట్లలో పీతలు దూరకుండా జాగ్రత్త పడ్డాయి! ఆమెకి కోపం తలకెక్కింది.

"ఆ అమ్మాయి మీ దగ్గర చాలా నేర్చుకుంది సార్," అంది ఫొటో ఆయన ముందు పెడుతూ. "బూట్లు ఎలా తగిలించాలో కూడా. కానీ గురువారం ఆమె బూట్లు ఆమె విప్పలేదు."

ప్రొఫెసరు ఫొటో చూశాడు. తర్వాత పక్కనున్న తన బూట్లు చూశాడు. గొంతు ఇంకా మెత్తగానే ఉంది.

"తెలివైన పిల్ల. రెండేళ్ళు ఓపిక పడితే నేనే తూము తెరిపించేవాణ్ణి. ఎవరికీ నష్టం లేకుండా అన్నీ సర్దేవాణ్ణి. వినలేదు. చెయ్యి విడిపించుకోబోయి జారింది. నేను..." ఆగాడు. "నేను పట్టుకోలేదు."

"పట్టుకోలేదా, పట్టుకుని ముంచావా?"

ఆ ఏకవచనానికి ఆయన ఉలిక్కిపడ్డాడు. జేబులోకి వెళ్ళిన చెయ్యి తాళంచెవితో బయటికి వచ్చింది. మోటారు పెట్టె ఆయన వీపు వెనకే ఉంది. ఆమె చెయ్యి చాచేలోపే లోపల ఏదో మీట పడింది. ఇనుప తలుపు మూలిగింది. గాడిలో తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది.

"ఇంకా నాలుగు కాలేదు!" అరిచాడు ఇస్త్రీ.

"పోటు మన టైము చూసుకుని రాదు," అన్నాడు ప్రొఫెసరు పెట్టెకి అడ్డంగా నిలబడి. "ఒక్క పోటు చాలు. ఉప్పు పట్టేస్తుంది. పెట్టే ఉండదు, బురదా ఉండదు. అప్పుడు మీ ఉంగరం ఎవరికి చూపించుకుంటారో చూపించుకోండి."

బయట అప్పటికే పోటు ఎక్కి నీళ్ళు తలుపుని ఒరుసుకుంటున్నాయి. తలుపు కింద తెల్లటి నురగ గీత కనిపించింది. అది చూస్తూండగానే వెడల్పయింది. లోపల తొడలదాకా కూరుకుపోయిన హెడ్డు తలమీద పెట్టెతో అటు తిరిగాడు. గుర్రపుడెక్క మొత్తం ఒక్క కదలికతో అతని వైపు జరిగింది.

"పెట్టె వదిలెయ్! చేతులు చాపు!" గుండుసూది తాడు కొస నడుముకి చుట్టుకుంటోంది. రెండో కొస తూము గోడ ఇనుప కొక్కేనికి బిగించింది.

"వదలను మేడమ్!" హెడ్డు గొంతు ఏడుపులా వచ్చింది. "వదిలితే ఆ పడవాయన్ని రేపు..."

"వెధవా, నువ్వు చస్తే నీ పెళ్ళానికి నేనేం చెప్పాలి!"

ఆమె ఇస్త్రీ వైపు తిరిగింది. ఉంగరం ఇంకా అతని అరచేతిలోనే ఉంది. ప్రొఫెసరుకీ అతనికీ మధ్య నాలుగడుగులు. అతను కదల్లేదు. వేళ్ళు చేతిగుండీ మీదికి వెళ్ళాయి.

"ఆలోచించకు!" అరిచిందామె. గొంతు చీరుకుపోయింది. "ఒకసారి టీ అని చెప్పి నన్ను వదిలేసి పోయావు. పోనీ. ఇవాళ మా హెడ్డుని వదిలేసి పోతే, ఆ ఉంగరం నువ్వే తీసుకెళ్ళి ఆ అక్క చేతిలో పెట్టు. పెట్టి, మీ ఆయన రాడమ్మా అని నీ నోటితోనే చెప్పు. ఆ తలుపు దించు!"

జవాబు కోసం ఆగే వ్యవధి లేదు. నీళ్ళు హెడ్డు ఛాతీకొచ్చాయి. ఆమె ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి కట్ట మీదనుంచి దూకింది. చప్పనీళ్ళలోకి దూకినా నోట్లోకి ఉప్పు వచ్చింది.

వెనక కట్ట మీద పెనుగులాట, ఎవరిదో కేక, తాళంచెవి తిరిగిన చప్పుడు. తలుపు ఇంకా పైకి లేస్తోందో కిందికి దిగుతోందో చూడ్డానికి గుండుసూది వెనక్కి తిరగలేదు. ముందు తేలుతున్న ఆ అద్దాల పెట్టె వైపు, దాని కింద పైకెత్తి ఉన్న రెండు చేతుల వైపు ఈదుతోంది. వెళ్ళొస్తానని ఒక గుమ్మంలో మాటిచ్చి వచ్చింది.